మిర్చికి తేమను బట్టి ధర కట్టాలి

కాటా మీద నీరు కూడా తూగుతుంది. గుంటూరు మిర్చి వ్యాపారంలోని చిక్కంతా ఇక్కడే వున్నది. రైతు, కమీషన్ ఏజెంటు, స్టాకిస్టు, ఎగుమతిదారు ఎవరికి వారు తమకు గిట్టుబాటైన నిర్ణయమే తీసుకుంటున్నారు. ఆ నిర్ణయాలన్నీ కలిసి చివరకు సరుకుకు చేటు తెస్తున్నవి.

ఒక చిన్న లెక్క చూద్దాం. 100 క్వింటాళ్ల కాయలో 14 శాతం తేమ వున్నదనుకుంటే అందులో నీరు పోను మిగిలేది 86 క్వింటాళ్లు. రైతు ఆ కాయను కళ్లంలో మరికొన్ని రోజులు వుంచి తేమను 10 శాతానికి దించితే తూకం సుమారు 95 క్వింటాళ్ల 56 కిలోలకు తగ్గుతుంది. క్వింటాలు ధర 15,000 రూపాయలనుకుంటే, పోయిన తూకం విలువ 66 వేల రూపాయల పైమాటే. అది పూడాలంటే బాగా ఎండిన కాయకు క్వింటాలుకు దాదాపు 700 రూపాయలు అదనంగా రావాలి. పట్టాలు, కూలి ఖర్చు దీనికి అదనం.

ఆ తేడా యార్డులో వస్తున్నదా? చేయి తిరిగిన వర్తకుడు గుప్పెడు కాయ నలిపి, గలగల విని పచ్చిదో ఎండుదో చెప్పగలడు. కాని 11 శాతానికీ 13 శాతానికీ తేడా గుప్పిట్లో తేలదు. రంగు, నిగనిగలు చూసి రెండింటికీ ఒకే ధర పలికితే, ఎండబెట్టిన రైతు నష్టపోయి, తొందరపడిన రైతు లాభపడతాడు. మరుసటి సంవత్సరం ఇద్దరూ తొందరపడతారు. కాయ ముక్క కాకుండా వుండాలని బస్తాలకు ఎక్కించే ముందు నీళ్లు చిలకరించే అలవాటు దీనికి తోడు. మన ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం ఎండు మిర్చిలో తేమ 11 శాతం మించరాదు. ఆ నిబంధన యార్డు ధరలో కనిపించనంత కాలం కాగితం మీదనే వుంటుంది.

తేమ వెంట బూజు, బూజు వెంట అఫ్లటాక్సిన్ అనే విషం వస్తాయి. ఐరోపా సంఘం మిర్చిలో మొత్తం అఫ్లటాక్సిన్‌ను కిలోకు 10 మైక్రోగ్రాములకు, అందులో బి1 రకాన్ని 5 మైక్రోగ్రాములకు పరిమితం చేసింది. 20 బస్తాలు కలిపిన లాటులో 19 బస్తాలు మచ్చలేనివే కావచ్చు. మిగిలిన ఒక్క బస్తాలో కిలోకు 220 మైక్రోగ్రాములు వుంటే లాటు సగటు 11కు చేరి, సరుకంతా పనికిరానిదవుతుంది. రైతులందరి సరుకును ఒకే రాశిగా పోసే పద్ధతికి వున్న అసలు ఖరీదు ఇది.

శీతల గిడ్డంగిలో పెడితే సరిపోదా అంటారు. చలి రంగును కాపాడుతుంది, పురుగును ఆపుతుంది, బూజు వేగాన్ని తగ్గిస్తుంది. అప్పటికే పుట్టిన విషాన్ని మాత్రం తీసివేయదు. నెలల తరబడి కరెంటు ఖర్చుపెట్టి నీటిని, రోగాన్ని నిల్వ చేసినట్లవుతుంది. తిరస్కరించిన కంటైనరు వెనక్కి వస్తే రానుపోను ఓడ కిరాయి, ఇంధనం, వడ్డీ అన్నీ దండుగే. సరఫరా గొలుసులో సుస్థిర నిర్ణయాలంటూ మేనేజిమెంటు పండితులు కట్టే గణిత నమూనాల సారాంశం కూడా ఇదే: ఒక మజిలీలో మిగిల్చిన రూపాయి ఇంకొక మజిలీలో ఎన్ని రూపాయల నష్టమవుతున్నదో ఒకే పద్దులో రాసి చూడాలి.

ఆ పద్దు మన వర్తకులకు కొత్త కాదు. 2003లో ఐరోపాలో మన మిర్చి ఉత్పత్తులలో సుడాన్-1 రంగు బయటపడినప్పుడు తప్పు చేసింది కొందరే. సుడాన్-1 లేదన్న ధ్రువపత్రం భారం మాత్రం ఎగుమతిదారులందరి మీదా పడింది.

కనుక చేయవలసిన పనులు మూడు. వేలానికి ముందే లాటు తేమను మీటరుతో కొలిచి చీటీ మీద రాయాలి. తేమను బట్టి ధరలో పెంపు, కోత ఎంతో సీజను మొదట్లోనే ప్రకటించాలి. తేమ తక్కువ లాటులను గిడ్డంగిలో విడి గుర్తుతో, విడిగా నిల్వ చేయాలి.

సీజనులో రోజుకు లక్ష బస్తాలు దాటి వచ్చే యార్డులో ఇది సాధ్యమా అన్న సందేహం సబబే. అందుకే ఎగుమతికి, పెద్ద మసాలా మిల్లులకు పోయే లాటులతో ప్రారంభించవచ్చు. అయితే అక్కడితో ఆగరాదు. మన ఇంట్లో కారం తినేవారికీ బూజు బూజే.

ఇక ఖర్చు ఎవరు భరించాలి? కాయ ఎండినందువల్ల ప్రధానంగా లాభపడేది ఎగుమతిదారు, మిల్లు యజమాని. తూకం పోగొట్టుకునేది రైతు. లాభం ఒకరిదై నష్టం మరొకరిదైనప్పుడు హితబోధలతో కాయ ఎండదు. క్వింటాలుకు 700 రూపాయలు ఎక్కువ ఇవ్వడం దానమనుకునేవారు, ఆ ధరకు తాము నీటిని కొనడం మానుకుంటున్నామని గ్రహించాలి. కొత్త పంట యార్డుకు చేరకముందే ఈ తేడా ఎంతో కొనుగోలుదారులు, కమీషన్ ఏజెంట్లు కూర్చుని తేల్చుకోవడం మంచిది. కాయ బస్తాకెక్కిన తరువాత తేల్చుకునేదేమీ వుండదు.