పొరుగువారి నిద్ర – మన మైకు



హైదరాబాదులోనూ, మన పిల్లలు ఉద్యోగాలకు వెళ్లిన అమెరికా పట్టణాల్లోనూ పికిల్‌బాల్ అనే ఆట ఈమధ్య బాగా వ్యాపించింది. 1965లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో పుట్టిన ఆట ఇది. షటిల్ కోర్టంత స్థలంలో, గట్టి బ్యాటుతో, చిల్లులున్న ప్లాస్టిక్ బంతిని కొడతారు. ఒంటికి మంచి వ్యాయామమే. కాని బంతి తగిలిన ప్రతిసారీ ‘టక్’మని పదునైన చప్పుడు వస్తుంది. గంటల తరబడి అది భరించలేక అమెరికాలో చుట్టుపక్కల ఇళ్లవారు ఫిర్యాదులు చేశారు, కోర్టులకూ వెళ్లారు.

జనగామలోనో, మహబూబాబాద్‌లోనో, భూపాలపల్లిలోనో ఉండే మనకు దీనితో పనేమిటని అడగవచ్చు. మన వాడలో ఆ ఆట లేకపోవచ్చు గాని, మందిరం మీద మైకు ఉంది.

మైకు సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చెన్నైలోని కె.కె.ఆర్. నగర్‌లో చర్చ్ ఆఫ్ గాడ్ (ఫుల్ గాస్పెల్) సంఘానికి ప్రార్థన మందిరం ఉంది. డ్రమ్ములు, గిటారు, మైకుల శబ్దం మితిమీరుతోందని పక్కనున్న మెజెస్టిక్ కాలనీ నివాసుల సంఘం ఫిర్యాదు చేసింది. రోడ్డు మీది వాహనాల చప్పుడు కూడా ఉందనీ, అల్పసంఖ్యాకుల ఆరాధనను అడ్డుకోవడానికే ఈ ఫిర్యాదనీ సంఘం వాదించింది. 2000 ఆగస్టు 30న కోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు. ఇతరుల శాంతిని చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదనీ, ఆరాధించే హక్కులో పొరుగువారిని బాధించే హక్కు లేదనీ తేల్చింది.

“ఈ నియమం మనకేనా? మిగతావారికి లేదా?” అని కొందరు యౌవనస్థులు అడుగుతారు. అందరికీ ఒకటే నియమం. 2000లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాలు గుడికీ, మసీదుకూ, మందిరానికీ, పెళ్లి డీజేకూ సమానంగా వర్తిస్తాయి. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. మామూలుగా మాట్లాడుకునే మాటే దగ్గరలో సుమారు 60 ఉంటుంది. మైకు పెట్టడానికి అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు బయటికి వినబడేలా మైకు వాడకూడదు. పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన అర్ధరాత్రి దాటుతుంది గనుక ఆనాడు శబ్దాన్ని మందిరం లోపలికే పరిమితం చేసుకోవడం క్షేమం.

చట్టం ఒకెత్తు, పొరుగింటి మనిషి ఒకెత్తు. భూపాలపల్లిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన సింగరేణి కార్మికునికి పగలే రాత్రి. నిద్ర చాలక బొగ్గుబావిలోకి దిగితే అతనికే కాదు, తోటివారికీ ప్రమాదం. మహబూబాబాద్ పల్లెల్లో మిరప ఏరడానికి తెల్లవారకముందే ఆటో ఎక్కే అక్కలు రాత్రి తొమ్మిదికే నడుం వాల్చాలి. జనగామలో పదో తరగతి పరీక్ష రాసే బిడ్డకు మార్చి నెలలో ప్రతి సాయంత్రమూ విలువైనదే. గుండెజబ్బు మనిషి, బాలింత, పసిపిల్ల ఏ గోడ అవతల ఉన్నారో మనకు తెలియదు.

పికిల్‌బాల్ కోర్టుల దగ్గర చప్పుడు తగ్గించడానికి నాలుగు చూస్తారు: దూరం, అడ్డు, సాధనం, వేళ. కోర్టును ఇళ్లకు ఎడంగా కడతారు, చుట్టూ మందమైన అడ్డు కడతారు, చప్పుడు తక్కువ చేసే బ్యాటు, బంతి వాడతారు, ఆడే గంటలు నిర్ణయిస్తారు. ఇవే మనకూ పనికొస్తాయి.

దూరం: ఆరుబయట దూరం రెట్టింపైతే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మందిరాన్ని జరపలేం గాని, కప్పు మీది లౌడ్ స్పీకర్‌ను దించగలం. వినవలసినవారు లోపల ఉన్నారు. ఒక పెద్ద బాక్సుకు బదులు రెండు మూడు చిన్నవి విశ్వాసుల దగ్గరగా, వారి వైపు తిప్పి పెడితే తక్కువ శబ్దంతోనే మాట స్పష్టంగా వినబడుతుంది.

అడ్డు: రేకుల షెడ్డులో శబ్దం గోడలకు కొట్టుకుని మారుమోగుతుంది. మాట అర్థం కాక ఇంకా పెంచుతారు. వెనుక గోడకు మందపాటి తెరలో గోనెపట్టలో కట్టి, కింద చాపలు పరిస్తే మోత తగ్గుతుంది. పాటల వేళ పొరుగింటి వైపు కిటికీలు మూయండి.

సాధనం: ప్యాడ్స్, డ్రమ్ముల ‘ధమ్ ధమ్’ గోడలు దాటిపోతుంది, తెరలు ఆపలేవు. దాన్ని ఆంప్లిఫయర్‌లోనే తగ్గించాలి. పాట జరుగుతుండగా ఒక పెద్దమనిషి బయటికి వెళ్లి పక్కింటి గుమ్మం దగ్గర నిలబడి వినిరావాలి. లోపలున్నవారికి ఆ సంగతి తెలియదు.

వేళ: ఉపవాస కూడికలకు, రాత్రి ప్రార్థనలకు మైకు లేకపోయినా నష్టం లేదు. ఇరవైమంది కూర్చున్న గదిలో గొంతు చాలు. మందిరం ఆవరణలో పిల్లలు లైట్లు వేసుకుని వాలీబాల్, షటిల్ ఆడితే దానికీ ఒక గంట పెట్టండి.

తెల్లవారుజామునే లేచి పొరుగువానిని పెద్ద గొంతుతో దీవించే మనిషి సంగతి సామెతల గ్రంథం 27వ అధ్యాయం 14వ వచనంలో ఉంది. ఆ దీవెన శాపంగానే లెక్కకు వస్తుందట. మాట మంచిదే, వేళే తప్పింది.

వచ్చే ఆదివారం ఆరాధన ముగిశాక ఇద్దరు సంఘపెద్దలు మందిరానికి నాలుగు పక్కలా ఉన్న ఇళ్లకు వెళ్లండి. “మా మైకు మీకు ఇబ్బందిగా ఉందా? ఏ వేళల్లో?” అని అడగండి. వారు చెప్పింది రాసుకోండి. మరుసటి ఆదివారం నాటికి ఒక్కటైనా సరిచేయండి. శబ్దం ఎక్కువైనప్పుడు ఎవరికి చెప్పాలో ఒక ఫోన్ నంబరు వారి చేతికివ్వండి. పోలీసుల దాకా పోకుండా వాకిట్లోనే తీరే తగవులు చాలా ఉన్నాయి.