సొంత ఊరు తరిమేసిన ఆడబిడ్డకు నీడ ఏది?

1985 జూలై 17. కారంచేడు. ఈ తేదీ మన పల్లెల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ముందురోజు సాయంత్రం మాదిగలు నీళ్ళు ముంచుకునే చెరువులో గేదెల కుడితి బాల్చీ కడిగారు. ఇదేం పని అని మన పిల్లోడు అడిగాడు. వాణ్ణి కొట్టబోతే ఒక మాదిగ ఆడబిడ్డ బిందె ఎత్తి అడ్డం నిలబడింది. అంతే! తెల్లారేసరికి గొడ్డళ్ళు, బరిసెలు పట్టుకుని భూస్వాముల మంద మాదిగపల్లె మీద పడింది. పొలాల్లోకి తరిమి తరిమి నరికారు. ఆరుగురు చనిపోయారు. ముగ్గురు ఆడబిడ్డల మీద అత్యాచారం జరిగింది.

అన్నలారా, అక్కచెల్లెళ్ళారా! సభల్లో ఈ సంగతి చెప్పేటప్పుడు ఒకటి గమనించండి. "ఆరుగురిని చంపారు" అనే చోట గొంతు లేస్తుంది. "ముగ్గురి మీద అత్యాచారం" అనే చోటికొచ్చేసరికి అదే గొంతు తగ్గిపోతుంది. పేపర్లలో అది అరవాక్యం. పుస్తకాల్లోనూ అరవాక్యమే. చనిపోయినవాళ్ళకు స్థూపాలు కట్టుకున్నాం, ఏటేటా దండలు వేస్తున్నాం. అది చెయ్యాల్సిందే. మరి బతికి బయటపడి, ఆ బతుకును మోసుకుంటూ ఊరు దాటిన ఆడబిడ్డ సంగతేంటి? ఆమె పేరు బయటపెట్టమని ఎవరూ అడగటం లేదు. పెట్టకూడదు, చట్టం కూడా ఒప్పుకోదు. ఆమెకు జరిగిన నేరాన్ని విడిగా రాశారా, విడిగా లెక్కగట్టారా అన్నదే ప్రశ్న.

కారంచేడు మాదిగలు ఆ రోజు కట్టుబట్టలతో చీరాల చేరారు. చర్చి ఆవరణే వాళ్ళకు ఇల్లయింది. మళ్ళీ ఆ ఊరు వెళ్ళం అని తెగేసి చెప్పారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్ళు అండగా నిలబడ్డారు. దళిత మహాసభ ఆ శిబిరంలోంచే పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని చంపి, గోతాల్లో కుక్కి కాలవలో వేసినప్పుడు కూడా అదే జరిగింది. మాలపల్లె లేచి తెనాలి వెళ్ళి సాల్వేషన్ ఆర్మీ ఆవరణలో తలదాచుకుంది. ఆనాడు ప్రకాశం జిల్లాలో ఉన్న కారంచేడు, గుంటూరు జిల్లాలో ఉన్న చుండూరు 2022 నుంచి రెండూ బాపట్ల జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారింది. పల్లెకూ ఊరికీ మధ్య గీత మారిందా?

సరిహద్దు దాటి వచ్చినవాణ్ణి కాందిశీకుడు అంటారు. శరణార్థి అంటారు. 1951లో జెనీవాలో రాసుకున్న ఒప్పందం అలాంటివాళ్ళ కోసమే. దాని మీద మన దేశం ఇప్పటికీ సంతకం పెట్టలేదు. మరి కారంచేడు నుంచి చీరాల పారిపోయినవాళ్ళు ఎవరు? వాళ్ళు దాటింది దేశం సరిహద్దు కాదు, ఊరి పొలిమేర. అందుకే ఏ కాగితమూ వాళ్ళను కాందిశీకులు అనలేదు. సొంత దేశంలోనే తరిమివేతకు గురైనవాళ్ళ గురించి ఐక్యరాజ్యసమితి 1998లో కొన్ని సూత్రాలు రాసింది. అత్యాచారం నుంచి వాళ్ళను కాపాడాలని అందులో 11వ సూత్రం చెబుతుంది. అది చట్టం కాదు, సూత్రమే. కానీ మన ప్రాణాలకు తెలిసిన నిజాన్ని ప్రపంచం అప్పటికి కాగితం మీద పెట్టింది. సొంత ఊళ్ళో ఉండలేక పారిపోయినవాడు ఎంత దగ్గర ఆగినా కాందిశీకుడే.

పల్లెను ఖాళీ చేయించడానికి నలుగురిని నరికితే చాలు కదా, ఆడవాళ్ళ మీద పడటం ఎందుకు? ఇది కామం వ్యవహారం కాదు. ఇది భూమి వ్యవహారం, కూలి వ్యవహారం, తలెత్తినందుకు వేసిన శిక్ష. చంపితే పగ మిగులుతుంది. అత్యాచారం చేస్తే మగవాడు తల దించుకుంటాడు, ఆడది ఊరు వదులుతుంది, తిరిగి రావాలన్నా కాళ్ళాడవు. అదీ వాళ్ళ లెక్క. తరమడానికి ఒక పనిముట్టు, తిరిగి రాకుండా వేసిన కంచె. చుండూరులో చూడండి. సినిమా హాల్లో మన కుర్రాడి కాలు తగిలిందన్న చోట గొడవ మొదలైంది. ఆ తర్వాత "మా ఆడవాళ్ళను అల్లరి పెడుతున్నారు" అన్న మాట ఎత్తుకున్నారు. వాళ్ళ ఆడవాళ్ళకే పరువుందట! మన ఆడవాళ్ళకు ఉండేది కూలి మాత్రమేనట!

అందుకే "మానభంగం" అనే మాటను మనం పారెయ్యాలి. భంగపడటానికి ఆమె మానం ఎక్కడికి పోయింది? పోతే ఆ పని చేసినవాడి మానం పోయింది, వాణ్ణి కాపాడిన ఊరి మానం పోయింది. ఆమెకు జరిగింది నేరం. దాన్ని నేరంగానే పిలవాలి.

ఇంకో భ్రమ కూడా వదులుకోవాలి. ఊరు దాటి శిబిరానికి చేరితే ఆడబిడ్డ గండం గడిచినట్టే అనుకుంటాం. గడవదు. ఆఫ్రికాలో రువాండా అనే చిన్న దేశం ఉంది. 1994లో అక్కడ టుట్సీలను ఊళ్ళకు ఊళ్ళే నరికారు. తాబా అనే చోట ఆడవాళ్ళు ప్రాణాలు అరచేత పట్టుకుని మన మండలాఫీసు లాంటి సర్కారు ఆఫీసుకు పరిగెత్తారు. సర్కారు ఆవరణ కదా, కాపాడతారని. ఆ ఆవరణలోనే వాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి. కాపాడాల్సిన మేయర్ అకాయేసు చూస్తూ ఊరుకోవడమే కాదు, ఉసిగొల్పాడు కూడా. అతని మీద అంతర్జాతీయ కోర్టులో పెట్టిన ఛార్జిషీటులో మొదట అత్యాచారం ఊసే లేదు. హత్యల లెక్కే ఉంది, అచ్చం మన దగ్గరలాగే! 1997లో సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఒక తల్లి తన కూతురికి జరిగింది బయటపెట్టింది. తర్వాత ఇంకో సాక్షి నోరు విప్పింది. ఆ కోర్టు బల్ల మీద ఉన్న ముగ్గురు జడ్జీల్లో ఒక్కరే మహిళ. దక్షిణాఫ్రికాలో డర్బన్‌కు చెందిన తమిళ బస్సు డ్రైవర్ కూతురు, నవనీతం పిళ్ళై. ఛార్జిషీటు మార్చారు. 1998 సెప్టెంబరు 2న తీర్పు వచ్చింది. జాతిని తుడిచిపెట్టడానికి అత్యాచారం కూడా ఒక ఆయుధమని ఒక అంతర్జాతీయ కోర్టు చెప్పడం అదే మొదటిసారి. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నోరు తెరిచారు, వినే చెవి ఒకటి ఉంది. ప్రపంచ చట్టమే మారింది.

అంత దూరం ఎందుకు? 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఛత్తీస్‌గఢ్ నుంచి ఆదివాసులు వేల సంఖ్యలో గోదావరి దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చారు. మన మిరప తోటల్లాంటి తోటల్లోనే కాయ కోసి బతుకుతున్నారు. అక్కడ ఆదివాసులైనవాళ్ళకు ఇక్కడ ఆ కాగితం ఇవ్వరు. వెనక వదిలేసి వచ్చిన నేల మీద ఏం జరుగుతోందో 2017 జనవరిలో జాతీయ మానవ హక్కుల కమిషనే చెప్పింది. బీజాపూర్ జిల్లాలో 16 మంది ఆదివాసీ మహిళల మీద పోలీసు బలగాలు అత్యాచారం, దాడులు చేసినట్టు ప్రాథమికంగా తేలిందని. హైదరాబాద్ శివారు బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యా ఆడవాళ్ళు కూడా, 2017లో బర్మా సైన్యం అత్యాచారాలతో తరిమేసిన జాతివాళ్ళే. వీళ్ళకు మనకున్న అట్రాసిటీ చట్టం లాంటిదేదీ లేదు. వాళ్ళ మీద చెయ్యి పడితే ఫిర్యాదు చెయ్యాలన్నా "నీ కాగితాలేవి?" అంటారు. కాగితం లేని ఆడదాని మీద చెయ్యి వెయ్యడం ఎంత తేలికో మనకు వేరే చెప్పాలా?

మన నల్లరేగడి సంగతి కూడా చూడండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతలకు కర్నూలు పడమటి మండలాల నుంచి, కోసిగి, ఆదోని, మంత్రాలయం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే మన చేలకు వస్తాయి. చేను గట్టున పట్టాలు కప్పుకుని పడుకుంటారు. వాళ్ళను తరిమింది గొడ్డలి కాదు, కరువు. కానీ తలుపు లేని గుడారం, దొడ్డికి చీకట్లో వెళ్ళాల్సిన అవసరం, కూలి డబ్బు మేస్త్రి చేతిలో ఉండటం, పోలీసు స్టేషన్ ఎక్కడుందో తెలియకపోవటం, ఇవన్నీ శిబిరంలో ఆడబిడ్డకు ఉండే గండాలే. మన చేలో కోతకొచ్చిన పరాయి ఊరి మాదిగ పిల్లకు ఆపద వస్తే మన పల్లె తప్ప ఆమెకు దిక్కెవరు?

ఇప్పుడు చట్టం సంగతి. చట్టం మనకు దేవుడు కాదు. కానీ చేతిలో ఉన్న కర్రను వాడకపోతే తప్పు మనదే అవుతుంది.

ఒకటి. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 2016 జనవరి 26 నుంచి సవరణలతో గట్టిపడింది. దాని సెక్షన్ 3(1)(జెడ్) ప్రకారం దళితుణ్ణి ఇల్లుగానీ ఊరుగానీ వదిలిపోయేలా చెయ్యడమే ఒక నేరం. అత్యాచారం ఇంకో నేరం, దానికి ఈ చట్టంలోని 3(2)(వి) కింద యావజ్జీవం పడుతుంది. ఫిర్యాదు కాగితంలో రెండూ రాయించండి. తరిమివేత ఒకటి, అత్యాచారం ఒకటి. ఒకదాంట్లో ఒకటి కలిపేస్తే చివరికి రెండూ పోతాయి.

రెండు. ఊరు దాటి వచ్చేశాం, ఆ స్టేషన్‌కు మళ్ళీ ఎలా పోవాలి అని భయపడొద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ చట్టాల ప్రకారం నేరం ఏ ఊళ్ళో జరిగినా దగ్గర్లో ఉన్న ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్.ఐ.ఆర్. రాయాలి. ఆమె మాట మహిళా అధికారే రాసుకోవాలి. అత్యాచారం ఫిర్యాదు రాయను అన్న పోలీసుకు జైలు ఉంది. వైద్యం చెయ్యను అన్న ఆసుపత్రి యజమానికీ జైలు ఉంది. ప్రైవేటు ఆసుపత్రైనా సరే, వెంటనే ఉచితంగా చూడాల్సిందే. రెండు వేళ్ళ పరీక్ష చెయ్యకూడదని సుప్రీం కోర్టు 2022 అక్టోబరులో మళ్ళీ గట్టిగా చెప్పింది.

మూడు. ఆమె ఫలానా కులమని వాడికి తెలుసు అన్న మాట మొదటి రోజు కాగితంలోనే ఉండాలి. కర్నూలు జిల్లాలో చూపులేని దళిత అమ్మాయి కేసులో 2021లో సుప్రీం కోర్టు అత్యాచారానికి యావజ్జీవం ఖాయం చేసింది. కానీ కులం కారణంగానే చేశాడని రుజువు కాలేదంటూ అట్రాసిటీ శిక్షను కొట్టేసింది. అది 2011 నాటి నేరం, పాత చట్టం. సవరణ తర్వాత ఆమె కులం తెలిసి చేస్తే చాలు.

నాలుగు. దర్యాప్తు చెయ్యాల్సింది డీఎస్పీ స్థాయి అధికారి. అత్యాచారానికి 5 లక్షలు, సామూహిక అత్యాచారానికి 8 లక్షల 25 వేలు పరిహారం ఉంది. వైద్య పరీక్ష నివేదిక రాగానే అందులో సగం ఇవ్వాలి. సెక్షన్ 15ఎ ప్రకారం బాధితురాలికి, సాక్షులకు రక్షణ, దారి ఖర్చులు, తిండి ఖర్చులు, కావాలంటే వేరే చోట నివాసం ఇవ్వాల్సింది ప్రభుత్వమే. ఇది భిక్ష కాదు. కలెక్టరాఫీసు ముందు కూర్చుని అడగండి.

మొదటి గంటలు ఎందుకు ముఖ్యమో వాకపల్లి చెబుతుంది. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలో 11 మంది ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని ముందుకొచ్చి చెప్పారు. 2023 ఏప్రిల్‌లో కోర్టు నిందితులందరినీ వదిలేసింది. దర్యాప్తు అధికారులు సరిగ్గా చెయ్యలేదని తనే చెబుతూ ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. ఆలస్యం అయిన రోజు పోయిన రుజువు 16 ఏళ్ళ తర్వాత దొరకదు. కారంచేడు కేసులో సుప్రీం కోర్టు ఆఖరి మాట చెప్పడానికి 2008 డిసెంబరు దాకా పట్టింది. చుండూరులో 2007లో ఊళ్ళోనే కూర్చున్న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. హత్యలకే ఈ గతి అయితే, మొదటి రోజు కాగితమే లేని అత్యాచారానికి ఏ గతి?

ఇక మన ఇంటి సంగతి. శిబిరం వేస్తే కమిటీలో బియ్యం లెక్కకు ఒకరు, చందాల లెక్కకు ఒకరు, ప్రెస్సుకు ఒకరు ఉంటారు. ఆడవాళ్ళ రక్షణకు ఎవరు? ఇక ముందు ఎక్కడ పల్లె లేచి శిబిరానికి వచ్చినా మొదటి రాత్రే ముగ్గురు ఆడవాళ్ళతో కమిటీ వెయ్యాలి. ఆడవాళ్ళు పడుకునే చోట దీపం, విడిగా మరుగుదొడ్డి, రాత్రి కాపలా చూడాలి. ఆడవాళ్ళతో ఆడవాళ్ళే, పక్కకు తీసుకెళ్ళి, మెల్లగా అడగాలి. "నీకేమైనా జరిగిందా అమ్మా?" చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. చెప్పింది బయటికి పొక్కకూడదు. "పరువు పోతుంది, రాజీ పడండి" అనే పెద్దమనిషి పెత్తందారైనా, మన పల్లె పెద్దయినా, అతన్ని శిబిరం గడప తొక్కనివ్వొద్దు. పెద్దమనుషుల ముందు దండుగ కట్టించి ముగించే నేరం కాదు ఇది.

మన పోరాటం చెరువు నీళ్ళ దగ్గర బిందె ఎత్తిన ఆడబిడ్డతో మొదలైంది. ఆమె చెయ్యి ఎత్తింది కాబట్టే మనం నోరెత్తాం. ఊరు తరిమేసిన ఆడబిడ్డ తల దించుకోవాల్సిన పని లేదు. తల దించుకోవాల్సింది తరిమినవాడు.

తరిమివేత నేరం, అత్యాచారం నేరం, రెండింటికీ శిక్ష పడాలి!
శిబిరంలో ఆడబిడ్డ రక్షణే ఉద్యమం మొదటి పని!
జై భీమ్!