జోలె పట్టువారికొక విన్నపము

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివేసిన పిమ్మట నందమూరి తారకరామారావు, అక్కినేని నాగేశ్వరరావు వంటి నటులు జోలె పట్టి విరాళములు సేకరించిన సంగతి ఆంధ్రులు మఱువలేదు; వేసిన పైకము బాధితులకే చేరునను విశ్వాసము జనులకుండుటచేతనే ఆ జోలె నిండినదని నా నమ్మకము. ఇక కొల్లేటి వరద తీరు చూడుడు: బుడమేరు, తమ్మిలేరు అను ఏఱులు పొంగి కొల్లేటి సరస్సులో కలియగా, ఆ నీరు సముద్రమును చేరుటకు ఉప్పుటేరే త్రోవయగుటచే, కొల్లేటి లంకగ్రామములను వరద వచ్చినంత వేగముగ విడిచిపోదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీరును కొల్లేటికే దిగినది. కావున ఏలూరులో నాటకమో సంగీతసభయో ఏర్పఱచి ఆ లంకల వరదబాధితులకై ధనము కూర్పదలచిన మిత్రులు, మొదటినాటి పులిహోర పొట్లములకే సర్వమును వెచ్చింపక, మూడవ వారమునకును కొంత నిలుపవలెను. వేదికకు, పూలమాలలకు, శాలువలకు చందాసొమ్మునుండి కాసైనను తీయరాదు. ఈ మాట కఠినముగ తోచినను చెప్పక తప్పదు. తాడేపల్లిగూడెపు ఉల్లి వర్తకుడు రొక్కమునకు మాఱుగ బస్తాలే యిచ్చెదనన్నచో సంతోషముగ గైకొని, వాని వెలను కూడ లెక్కలో వ్రాయవలెను. అన్నిటికంటె ముందుగ ఒకరిద్దఱు పడవపై లంకకు పోయి, అచటి స్త్రీలనడిగి, వలసినది బియ్యమో, వలయో, పిల్లల పుస్తకములో తెలిసికొని, ఆ పిదపనే కరపత్రము అచ్చువేయింపవలెను. సభ ముగిసిన వారములోపల జమాఖర్చుల పట్టిక బజారు గోడపై అందఱును చదువునట్లు అంటింపవలెను.