స్టేట్ లెవెల్ ప్లేయరంటే ఎవరండీ?

గోదావరి జిల్లాల వాళ్ళకి ఓ చిన్న క్విజ్జు. సంక్రాంతికి భీమవరం చుట్టుపక్కల బరుల్లో డేగ గెలిచిందా, కాకి గెలిచిందా, ఎవరి పుంజు మీద ఎవరు ఎంత పోగొట్టుకున్నారు? ఇది చెప్పడానికి ఊళ్ళో కనీసం పదిమంది దొరుకుతారు. పదేళ్ళ కిందటి పందెం సంగతి కూడా నిన్నగాక మొన్న జరిగినట్టు చెప్తారు. ఇప్పుడు రెండో ప్రశ్న. మీ జిల్లా జట్టు అండర్-17లో ఏ ఆటలోనైనా సరే, ఏ సంవత్సరంలోనైనా సరే, స్టేట్ ఛాంపియన్‌షిప్ గెలిచిందా? గెలిస్తే ఆ జట్టులో ఎవరున్నారు?

చెప్పలేరు కదా? మీ జ్ఞాపకశక్తిని తప్పు పట్టట్లేదండీ. వెతుక్కుందామన్నా దొరికే చోటు లేదు. అసలు బాధ అదే.

ఆన్‌సైట్ వెళ్ళొచ్చిన వాళ్ళు ఒకటి గమనించే ఉంటారు. అమెరికాలో చిన్న చిన్న ఊళ్ళలోకి కారులో వెళ్తుంటే ఊరి మొదట్లో ఓ బోర్డు కనిపిస్తుంది. ఊరి పేరు, జనాభా, దాని కింద 'స్టేట్ ఛాంపియన్స్', ఫలానా ఆట, ఫలానా సంవత్సరం. ఊరి జనాభా మన మండపేటలో ఒక వార్డంత కూడా ఉండదు. ఎప్పుడో ముప్ఫై, నలభై ఏళ్ళ కింద హైస్కూలు పిల్లలు బేస్‌బాల్‌లో గెలిచిన సంగతిని ఇప్పటికీ రోడ్డు మీద రాసి పెట్టుకుంటారు. మొదటిసారి చూస్తే నవ్వొస్తుంది. రెండోసారి చూస్తే కొంచెం కుళ్ళు పుడుతుంది :)

ఆ బోర్డు వెనక పెద్ద కథే ఉంది. వాళ్ళ పిల్లల బేస్‌బాల్‌కి చాలా చరిత్ర ఉంది. 1925లో సౌత్ డకోటాలోని మిల్‌బ్యాంక్ అనే చిన్న ఊళ్ళో మాజీ సైనికుల సంఘం అమెరికన్ లీజియన్ వాళ్ళు కుర్రాళ్ళ బేస్‌బాల్ మొదలుపెట్టాలని తీర్మానం చేశారు. మరుసటేడే జాతీయ టోర్నమెంటు పెట్టేశారు. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్ట్‌లో కార్ల్ స్టాట్జ్ అనే ఆయన ఇంకా చిన్నపిల్లల కోసం లిటిల్ లీగ్ మొదలెట్టాడు. 1947 నుంచి దానికి వరల్డ్ సిరీస్ జరుగుతోంది. ఇవి కాకుండా ప్రతి రాష్ట్రంలోనూ హైస్కూళ్ళ సంఘం ఉంటుంది, అది రాష్ట్ర ఛాంపియన్‌షిప్ నడుపుతుంది. ఉదాహరణకి ఇండియానాలో హైస్కూలు బేస్‌బాల్ టోర్నమెంటు 1967లో మొదలైంది. మొదటి విజేత లాపోర్ట్ హైస్కూలు. ఆ స్కూలు కోచ్ కెన్ ష్రైబర్ వెయ్యికి పైగా మ్యాచ్‌లు, 7 రాష్ట్ర టైటిళ్ళు గెలిపించాడు. ఓ స్కూలు కోచ్ ఎన్ని మ్యాచ్‌లు గెలిచాడో ఇక్కడ కూర్చుని నేను చెప్పగలుగుతున్నాను చూడండి. మా జిల్లాలో ముప్ఫై ఏళ్ళు పని చేసి రిటైరైన పీఈటీ మాస్టారు ఎంతమందిని స్టేట్‌కి పంపించారో మాత్రం ఆయన్ని అడిగితే తప్ప తెలీదు. ఆయన పోతే ఆ లెక్క కూడా ఆయనతోనే పోతుంది.

ఇంకో తేడా ఉంది. అక్కడి స్కూలు జట్టుకి స్టేట్ టైటిలే ఆఖరి మెట్టు. దాని పైన స్కూళ్ళకి నేషనల్స్ లేవు. అందుకే ఆ గెలుపు ఊరిదవుతుంది. మన దగ్గర స్టేట్ అనేది మధ్యలో ఓ మెట్టు మాత్రమే. మండలం, జిల్లా, స్టేట్, ఆ తర్వాత స్కూల్ గేమ్స్ నేషనల్స్. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ 1954 నుంచీ ఉంది, అంటే మన వ్యవస్థ కూడా నిన్నా మొన్నా పుట్టింది కాదు. అండర్-14, 17, 19 అని మూడు వయసులుగా ఆటలు జరుగుతాయి. జాబితాలో బేస్‌బాల్ కూడా ఉందంటే మనలో సగం మంది నమ్మరు. అమెచ్యూర్ బేస్‌బాల్ ఫెడరేషన్ 1983 నుంచి దేశంలో ఉంది. కానీ బేస్‌బాల్ పేరుతో మన దేశం నుంచి బాగా పేరొచ్చిన ఇద్దరు, రింకూ సింగ్, దినేశ్ పటేల్, ఏ బేస్‌బాల్ స్టేట్ ఛాంపియన్‌షిప్ నుంచీ రాలేదు. ఉత్తరప్రదేశ్‌లో జావెలిన్ విసురుకునే కుర్రాళ్ళు. ఓ టీవీ పోటీలో గెలిచి 2008లో పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. మన ఛాంపియన్‌షిప్‌ల పని మంచి ఆటగాణ్ణి వెతికి పట్టడమైతే, ఆ పని ఓ టీవీ షో చేసిందన్నమాట.

సరే, విషయానికొద్దాం. మన దగ్గర స్టేట్ ఛాంపియన్‌షిప్ ఎందుకు ఆడతారు? కుండబద్దలు కొట్టినట్టు చెప్పాలంటే, సర్టిఫికెట్టు కోసం. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో స్పోర్ట్స్ కోటా అర శాతం. అర శాతమే కదా అనుకుంటాం గానీ, ర్యాంకు ఏ ముప్ఫై వేలో వచ్చినవాడికి మంచి కాలేజీలో సీటు రావడానికి ఆ కాగితం చాలు. దాంట్లో నాకేం తప్పు కనపడట్లేదు. పొద్దున్నే లేచి గ్రౌండుకెళ్ళిన పిల్లకి ట్యూషన్‌కెళ్ళిన పిల్లతో సమానంగా అవకాశం ఇవ్వడానికే ఆ కోటా పెట్టారు. చిక్కు ఎక్కడొచ్చిందంటే, కాగితం విలువ పెరిగింది, ఆ కాగితం నిజమో కాదో చూసుకునే దారి మాత్రం లేదు.

మా పెద్దనాన్నగారి అబ్బాయి సంగతే చెప్తాను. పేరు వద్దులెండి. స్కూల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాడు. పసుపు రంగు ఉన్ని బంతి, చెక్క బ్యాటు, జట్టుకి ఐదుగురు. కోస్తా ఊళ్ళలో ఒకప్పుడు స్కూలు ఆవరణలో ఆ కోర్టు లేకపోతే వింతగా చూసేవాళ్ళు. స్టేట్ ఆడాడు, సర్టిఫికెట్టు ఉంది. కొన్నేళ్ళకి ఓ ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో పెట్టుకుంటే వెరిఫికేషన్‌లో అడిగారట, "ఈ టోర్నమెంటు జరిగినట్టు రుజువేంటి?" అని. సంతకం పెట్టిన సెక్రటరీ మారిపోయాడు. కొత్తాయన తన దగ్గర పాత ఫైళ్ళు లేవన్నాడు. ఆడిన స్కూలు వాళ్ళు మాకేం తెలీదన్నారు. వాడు ఆడిన ఆట వాడొక్కడికే గుర్తుంది. అదే వరసలో నిలబడ్డ ఇంకో కుర్రాడు ఆ ఆట ఎప్పుడూ ఆడలేదని వాడి ఊరి వాళ్ళే చెప్పారు, కానీ అతని దగ్గర కాగితాలన్నీ పక్కాగా ఉన్నాయి. ఎవరికొచ్చిందో మీరు ఊహించుకోగలరు.

ఇక్కడ దొంగ కాగితం ఒక్కదాన్నే తిట్టుకుని లాభం లేదు. నిజమైన కాగితానికీ, దొంగ కాగితానికీ తేడా చెప్పే రికార్డు లేకపోతే రెండిటి విలువా ఒకటే అయిపోతుంది. డేటాబేస్‌లో ప్రైమరీ కీ లేకుండా టేబుల్ పెట్టుకుని డూప్లికేట్లు వచ్చాయని ఏడ్చినట్టు.

దీనికి తోడు మన భూగోళం మారుతూ ఉంటుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో విభజన. 'స్టేట్ ఛాంపియన్' అన్న మాటలో స్టేట్ అంటే ఏదో ప్రతిసారీ కొత్తగా చెప్పుకోవాలి. 2022 ఏప్రిల్లో జిల్లాలూ మారాయి. పాత తూర్పు గోదావరిలోంచి కాకినాడ, కోనసీమ జిల్లాలొచ్చాయి, పశ్చిమ గోదావరి పేరు భీమవరానికి మిగిలి ఏలూరు వేరే జిల్లా అయింది. అమలాపురం కుర్రాడు 2019లో తూర్పు గోదావరి తరఫున గెలిస్తే ఆ షీల్డు ఇప్పుడు ఎవరి ఖాతాలోది? ఒక్క క్రికెట్‌లోనే ఈ గోల తక్కువ. అక్కడ ఆంధ్ర, హైదరాబాద్ మొదట్నుంచీ వేర్వేరు రంజీ జట్లు. అందులోనూ చమత్కారం ఉంది చూడండి. వెంకటపతి రాజు పుట్టింది మన ఆలమూరులో, ఆడింది హైదరాబాద్‌కి.

"ఇంత చరిత్ర దేనికండీ, గెలిచేవాడు ఎలాగూ గెలుస్తాడు" అంటారా? సాత్విక్ సాయిరాజ్‌ని చూడమంటారా? చూద్దాం. అమలాపురం కుర్రాడు, నాన్న వ్యాయామ ఉపాధ్యాయుడు. చిరాగ్ శెట్టితో కలిసి 2022లో థామస్ కప్, కామన్వెల్త్ స్వర్ణం, 2023లో ఏషియన్ గేమ్స్ స్వర్ణం, ఆ అక్టోబర్లోనే డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్. గర్వంగానే ఉంది, ఆయ్! కానీ కాస్త ఆలోచించండి. ఇంట్లోనే ఆట తెలిసిన నాన్న ఉండి, పద్నాలుగేళ్ళకే హైదరాబాద్‌లో గోపీచంద్ అకాడమీకి వెళ్ళగలిగినవాడి సంగతి అది. అతనితో పాటు జిల్లా స్థాయిలో ఆడి, స్టేట్ సెమీఫైనల్లో ఓడిపోయి, ఇంటర్లో రెసిడెన్షియల్ కాలేజీలో పడి బ్యాటు అటకెక్కించిన వాళ్ళెంతమంది? ఆ జాబితా ఉంటే కదా ఎక్కడ పోగొట్టుకుంటున్నామో తెలిసేది.

వయసు సంగతి చెప్పకపోతే ఈ గొడవ పూర్తవదు. మన ఆఫీసుల్లో సగం మందికి రెండు పుట్టినరోజులు. ఒకటి ఒరిజినల్, ఒకటి సర్టిఫికెట్ది. హెచ్చార్ వాళ్ళు కేకు తెచ్చిన రోజున మనకే ఆశ్చర్యం :) ఒకటో క్లాసులో చేర్పించేటప్పుడు మాస్టారు వేసిన తేదీ పదో క్లాసు సర్టిఫికెట్లోకెక్కి జన్మంతా ఉండిపోతుంది. ఉద్యోగంలో ఇది జోకు. అండర్-14 కబడ్డీలో జోకు కాదు. పదహారేళ్ళవాడు కూతకొస్తే పదమూడేళ్ళవాడి పక్కటెముకలు విరుగుతాయి. ఇలాంటివి ఆపాలనే కేంద్ర క్రీడా శాఖ 2010లో వయసు మోసాల మీద ప్రత్యేకంగా ఓ నియమావళి తెచ్చింది. మండల స్థాయి పోటీ దాకా అది ఎంత చేరిందో పీఈటీ మాస్టార్లనే అడగండి.

అమెరికా వాళ్ళు నీతిమంతులని చెప్పట్లేదు. 2001 లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌లో న్యూయార్క్ బ్రాంక్స్ జట్టుకి ఆడిన డానీ అల్మాంటే ఒక్కణ్ణీ బేస్ మీదకి రానివ్వకుండా మొత్తం మ్యాచ్ పిచ్ చేశాడు. పన్నెండేళ్ళ పిల్లాడి అద్భుతం అన్నారు. తీరా చూస్తే పద్నాలుగేళ్ళు. జట్టు విజయాలన్నీ కొట్టేశారు. 2014లో చికాగోలోని జాకీ రాబిన్సన్ వెస్ట్ జట్టు అమెరికా టైటిల్ గెలిచింది. తమ పరిధి దాటి పక్క లీగుల పిల్లల్ని ఆడించారని తేలి 2015 ఫిబ్రవరిలో ఆ టైటిల్ తీసేశారు. మన లోకల్, నాన్‌లోకల్ గొడవే! రెండు చోట్లా తప్పు పెద్దవాళ్ళది, తలవంపు పిల్లలది. కానీ రెండు చోట్లా బయటపడింది ఎలా? ఎవరాడారు, ఏ ఊరు, ఏ వయసు అన్నది నలుగురికీ తెలుసు కాబట్టి. అనుమానం వచ్చినవాడు తవ్వి చూడగలిగాడు. మన దగ్గర తవ్వడానికి మట్టే లేదు.

"పేద రాష్ట్రం, ముందు గ్రౌండులు లేవు, రికార్డులంట" అని కొందరు విసుక్కుంటారని తెలుసు. గ్రౌండు కావాలంటే స్థలం కావాలి, డబ్బు కావాలి, ఎమ్మెల్యే కావాలి. స్కోరు రాసి పెట్టడానికి ఓ స్ప్రెడ్‌షీటు చాలు. పిల్లల వివరాలు బయట పెట్టడం మంచిది కాదు అనే మాటలో మాత్రం న్యాయముంది. అందుకని పుట్టినతేదీలు, చిరునామాలు అక్కర్లేదు. ఏ సంవత్సరం, ఎక్కడ, ఏ ఆట, ఏ వయసు, ఏ జిల్లా మీద ఏ జిల్లా ఎంత స్కోరుతో గెలిచింది, ఏయే స్కూళ్ళ పిల్లలున్నారు. ఇంతే బయట పెట్టాలి. సర్టిఫికెట్టుకో నంబరుండాలి, ఆ నంబరు కొడితే నిజమో కాదో తెలియాలి. రైలు టికెట్టుకి పీఎన్నార్ ఉన్నప్పుడు పిల్ల పదేళ్ళ కష్టానికి ఓ నంబరుండకూడదా?

ఇక పాత రికార్డుల సంగతి. గోదారి వరద 1986లో చూశాం, కోనసీమ తుపాను 1996లో చూశాం. పూరిళ్ళలో ట్రంకుపెట్టెల్లో దాచుకున్న కాగితాలు అలా ఎన్ని పోయాయో. కానీ హెడ్‌మాస్టరు గదిలో అద్దాల బీరువా ఉంటుంది చూశారా, దుమ్ము పట్టిన షీల్డులతో? వాటి మీద చిన్న చిన్న ఇత్తడి పలకలుంటాయి. సంవత్సరం, ఆట, స్కూలు పేరు చెక్కి ఉంటాయి. మన జిల్లాల క్రీడా చరిత్రలో మిగిలింది చాలావరకు అదే. స్కూలు బిల్డింగు కొత్తది కట్టినప్పుడల్లా అందులో కొంత పాత సామానుతో పాటు బయటికి పోతుంది.

సంక్రాంతికి ఎలాగూ ఊరెళ్తాం. స్కూలుకి సెలవులు కదా అనకండి, పీఈటీ మాస్టారిల్లు ఊళ్ళోనే ఉంటుంది. పొద్దున్న బరికి వెళ్ళే ముందు ఓ గంట ఆయనతో కూర్చోండి. తాళం తీయించి షీల్డుల ఫొటోలు తీయండి. ఎవరెవరు ఆడారో అడిగి రాసుకోండి. వారాంతాల్లో పక్కవాడి కంపెనీ డేటా శుభ్రం చేసేవాళ్ళం, మన ఊరి డేటా ఓ నాలుగు వరసలు ఎక్కించలేమా? పుంజు సంగతి ఎలాగూ ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది లెండి.