బోదకాలు – మందుమాత్రలు

ఈ మాసమున మేము వ్రాయ బూనిన విషయము కొంత బిడియము కలిగించునది. కాని బిడియపడి దాచుటచేతనే ఈ వ్యాధి మన యిండ్లలో నిలిచినది.

మా ఓరుగంటి ప్రాంతమున బోదకాలు నెఱుగనివారు లేరు. వాచిన కాలు అందఱికిని కనబడును. పురుషులకు కలుగు వరిబీజమును, కొందఱికి మూత్రము పాలవలె తెల్లనై వెడలుటయు గూడ ఆ క్రిమివలననే కలుగవచ్చునని తెలిసినవారు తక్కువ. పాలమూత్రమును చూచి దిష్టి యనియు, వేడి యనియు చెప్పుకొనుట మేమును వింటిమి. నిజమేమన, దారమువంటి ఆ క్రిములు రసనాళములలో కాపురముండును. అన్నములోని క్రొవ్వును మోయు నాళములకు అడ్డు కలిగి, అవి మూత్రమార్గమున చిట్లినప్పుడు ఆ క్రొవ్వే మూత్రమున కలియును.

మురుగునీట పెరుగు దోమ ఈ క్రిమిని తెచ్చును. దీని పిల్లలు పగలు దాగి, నడురేయి రక్తమున సంచరించును. అందుచేతనే రక్తపరీక్షకు రాత్రివేళ వచ్చి వ్రేలు పొడుతురు. క్రిమి చచ్చినప్పుడు మన దేహమునందలి రక్షకకణములు దానిపై పడును. ఆ పోరాటమున నాళమే వాచును. కాలివ్రేళ్ల సందులలోని పుండ్లనుండి వేఱు సూక్ష్మజీవులు చొచ్చినచో వాపు ముదురును. కావున వాచిన కాలిని దినదినము సబ్బుతో కడిగి, పొడిబట్టతో తుడుచుట చిన్నపని కాదు.

ఈ క్రిమికి మందు కనుగొనినవారిలో మన తెలుగువాడొకడు కలడు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో హార్వర్డునందుండగా, 1925లో ఫిస్కేగారితో కూడి రక్తమూత్రములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని వెలువరించిరి. పిమ్మట లెడర్లీ సంస్థలో ఆయనయు సహచరులును పరిశోధించిన బోదకాలు మందు 1947లో ప్రకటితమైనది. మరుసటి యేడే ఆయన మరణించిరి. స్వదేశమునకు మరల రానేలేదు. ఇచ్చటనే నిలిచిపోయిన భార్య శేషగిరిగారిని తలచువారు అరుదు. మాకు ఆ మాట తోచక మానదు.

ఆ మందునే 2004 నుండి మన దేశమున వ్యాధి గల జిల్లాలలో ఏడాదికొకసారి ఇంటింటికి పంచుట విస్తరించినది. ఒక యేట మా గుమ్మమునకు వచ్చిన ఆశా కార్యకర్త, “నా ముందటనే మింగండమ్మా” అని ఎంత బ్రతిమాలినను, మేము మాత్రలను కొంగున ముడివైచి, ఆమె వెళ్లినతోడనే బావిగట్టున పాఱవైచితిమి. జ్వరము వచ్చునని పొరుగువారు చెప్పిన మాట నమ్మితిమి. జ్వరమును తలనొప్పియు కొందఱికి వచ్చుట నిజమే. అవి సాధారణముగా రక్తములోని క్రిమిపిల్లలు చచ్చుటచేత కలిగి, ఒకటి రెండు దినములలో తగ్గును. ఇది తెలిసిన పిమ్మట మాకు కలిగిన సిగ్గు ఇంతంత కాదు.

పదునైదేండ్లు నిండినవారికి ఈ మందు 3 మాత్రలు. దీనితో నులిపురుగుల మాత్ర యొకటి. పరగడుపున వలదు, అన్నము తిని మ్రింగవలెను. గర్భిణులకును, రెండేండ్లు నిండని బిడ్డలకును, తీవ్రరోగులకును ఈయరాదు. మగవారు వాపును చెప్పుకొనక దాతురు. ఉదుకుబట్టలు మన చేతికే వచ్చును గనుక మొదట గుర్తించుట మనకే సాధ్యము.