సౌండ్ బాక్స్‌కి నోరుంది, మా అమ్మ ఫోన్‌కి లేదు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మొన్న సంతలో మా అమ్మ ఎండుచేపలు కొని 340 రూపాయలు ఫోన్‌తో కట్టబోయింది. ఎప్పటిలాగే ఫోన్ దుకాణం అతని చేతికిచ్చి పిన్ కూడా చెప్పేసింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. సౌండ్ బాక్స్ పలకలేదు. "రాలేదమ్మా" అన్నాడు. కొంగున ఉన్న నోట్లు తీసి ఇచ్చి, సిగ్నల్ దొరికే చోటికి వెళ్ళి హాస్టల్లో ఉన్న నాకు ఫోన్ చేసింది. "డబ్బు ఉందా, పోయిందా?" ఇదొక్కటే ప్రశ్న. నాకేం తెలుసు? మెసేజ్ ఆమె ఫోన్లో ఉంది, అదీ ఇంగ్లీషులో.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక సంగతి తట్టింది. అమ్మేవాడికి చదువు అక్కర్లేదు. డబ్బు పడగానే డబ్బా తెలుగులో గట్టిగా చెప్తుంది. కొనేవాళ్ళకి మాత్రం అంతా చదువుకోవాల్సిందే. అంటే మాట్లాడే యంత్రం చేయడం వాళ్ళకి రాక కాదు. వ్యాపారి మోసపోకూడదని ఎవరో కూర్చుని ఆలోచించారు. మా అమ్మ గురించి ఎవరూ ఆలోచించలేదు.

ఇలా అంటే మనలోనే కొందరు "ముసలివాళ్ళకి చదువు లేదు, యాప్ ఏం చేస్తుంది" అంటారు. నేను ఒప్పుకోను. ఒకటి గుర్తు చేసుకోండి. డబ్బు పంపిస్తామని చెప్పి కలెక్ట్ రిక్వెస్ట్ పెట్టి, పిన్ కొట్టించుకుని దోచేసేవాళ్ళు. ఏళ్ళ తరబడి "జాగ్రత్తగా ఉండండి" అని జనానికే చెప్పారు. చివరికి 2025 అక్టోబరు 1 నుంచి మనిషికి మనిషికి మధ్య ఆ రిక్వెస్టునే ఎన్‌పీసీఐ ఆపేసింది. తప్పు జనం తెలివిలోనే ఉంటే ఆపాల్సిన పనేముంది?

తెలుగు భాష పెట్టుకోవచ్చు కదా అంటారు. పెట్టి చూడండి. "లబ్ధిదారుని జోడించండి", "లావాదేవీ విఫలమైంది". డిగ్రీ చదువుతున్న నాకే ఒక్క క్షణం ఆగాల్సొచ్చింది. మా ఇంట్లో కువి మాట్లాడతాం, అమ్మకి సంత తెలుగు వచ్చు. "డబ్బు పంపడం అవ్వలేదు, మీ డబ్బు మీ దగ్గరే ఉంది" అని పలికితే ఆమెకి చాలు. ఇంటర్నెట్ లేకపోతే స్టార్ 99 హాష్ ఉంది కానీ అక్కడా చదివి నంబరు నొక్కాలి. మామూలు ఫోన్ల కోసం 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చారు. కాల్ చేసి గొంతు విని డబ్బు పంపే పద్ధతి కూడా అందులో ఉంది. మంచి పనే. మా ఊళ్ళో దాని పేరు చెప్పినవాళ్ళని నేనైతే చూడలేదు.

అదే యాప్ తెరిస్తే స్క్రాచ్ కార్డు గలగలలాడుతుంది. లోన్ కావాలా అని రంగురంగుల బొమ్మ ముందే వస్తుంది. బ్యాలెన్స్ చూడాలంటే కిందికి జరుపుకుంటూ వెతకాలి. మనల్ని యాప్‌లో ఎక్కువసేపు ఉంచడానికి పెట్టిన తెలివిలో పావు వంతు "డబ్బు పోయిందా లేదా" చెప్పడానికి పెడితే బాగుండేది. మా హాస్టల్లో చూపు లేని ఒక అన్న ఉన్నాడు. తెర చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుంటాడు. పేరు రాయని గుర్తుల దగ్గర అది "బటన్, బటన్" అని మాత్రమే అంటుంది. ఏ బటనో దేవుడికే తెలియాలి.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ కేవైసీ కేసులో, డిజిటల్ సేవలు అందుకోవడం ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమని చెప్పింది. కన్ను ఆర్పమని అడిగే కేవైసీ వల్ల యాసిడ్ దాడికి గురైనవాళ్ళు, చూపు లేనివాళ్ళు పడే ఇబ్బంది మీద వచ్చిన తీర్పు అది. కాబట్టి మనం అడిగేది దయ కాదు.

ఇంకోటి, ఇది మాత్రం ఇంట్లో చెప్పండి. 2019 సెప్టెంబరు ఆర్‌బీఐ ఉత్తర్వు ప్రకారం యూపీఐలో మన ఖాతా నుంచి కట్ అయి అవతలి మనిషికి చేరకపోతే మర్నాటికల్లా వెనక్కి పడాలి. దుకాణానికి కట్టినదైతే 5 రోజుల్లోపు. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకే ఇవ్వాలి, మనం అడగకపోయినా. ఈ ముక్క చక్రం తిరిగే ఆ తెర మీద చెప్పొచ్చు కదా!

అమ్మ 340 రూపాయలు మూడో రోజు వెనక్కి పడ్డాయి. ఆమె మాత్రం మళ్ళీ ఫోన్‌తో కట్టలేదు. నాకు డబ్బు కంటే పిన్ సంగతే బాధగా ఉంది. ఆమె పిన్ నాకు తెలుసు, తమ్ముడికి తెలుసు, ఎండుచేపల అతనికీ తెలుసు. అంకెలు ఆమెకి వచ్చు, నోట్లు లెక్కపెడుతుంది, తూకం చూస్తుంది. అయినా తెర చూడగానే భయపడి ఫోన్ ఇంకొకరి చేతిలో పెడుతుంది. మనం కూడా "ఇటివ్వు, నేను చేస్తా" అని లాక్కుంటాం. నేనూ అదే చేశాను.

మీ భాషలో, గోండీ కానీ కోయ కానీ సవర కానీ, "బ్యాలెన్స్"కి, "డబ్బు ఆగిపోయింది"కి మీ ఇంట్లోవాళ్ళు ఏ మాట అంటారో రాయండి. అన్నీ కలిపి ఎన్‌పీసీఐకీ, మన బ్యాంకులకీ ఉత్తరం రాద్దాం. సెలవులకి వెళ్ళగానే అమ్మ చేత పిన్ మార్పిస్తా. ఆమె నొక్కుతున్నంతసేపు నేను అటు తిరిగి నిలబడతా.