అమ్మడం ఆపాక వచ్చిన ఆర్డర్

ఉద్యోగం మానేసి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన కొత్తలో లింక్డిన్‌లో నా పని ఒక్కటే. ఒకే మెసేజ్‌ని పేరు మార్చి 300 మందికి పంపడం. ‘హాయ్ సర్, మా ప్రొడక్ట్ చూస్తారా?’ ఒక్కరూ పలకలేదు. చేతిలో ఉన్న డబ్బులేమో ఇంకో రెండు నెలలకే సరిపోతాయి.

అప్పుడే విజయవాడలో హార్డ్‌వేర్ హోల్‌సేల్ చేసే ఒకాయన పోస్టు కనిపించింది. 2023 ఆగస్టు 1 నుంచి టర్నోవర్ 5 కోట్ల రూపాయలు దాటినవాళ్లు వేరే వ్యాపారులకిచ్చే బిల్లులకు ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి కదా! ‘పోయినేడాది నా టర్నోవర్ తగ్గింది, నాకు అక్కర్లేదా?’ అని ఆయన డౌట్. 2017-18 నుంచి ఏ ఒక్క ఏడాది ఆ లిమిట్ దాటినా చేయాల్సిందే. అదే రాశాను. నా సాఫ్ట్‌వేర్ ఊసే ఎత్తలేదు. వారం తర్వాత ‘పోర్టల్‌లో బిల్లు ఎక్కిందా అండీ?’ అని మళ్లీ అడిగాను.

నెల తిరక్కుండానే ఆయన ఫోన్. “ఇంతకీ నువ్వేం చేస్తుంటావు బాబూ?”

ఆయనే నా మొదటి కస్టమర్. తర్వాత పక్క షాపులవాళ్లు ఇద్దరికి నా నంబరిచ్చారు.

లింక్డిన్‌లో 30,000 కనెక్షన్ల దాకా పెట్టుకోవచ్చు. నేనిప్పుడు రోజుకు ఒక్కరికే రాస్తున్నా. అదీ వాళ్ల పోస్టు పూర్తిగా చదివాకే!